ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కర్నూలు. నాకు 47 ఏళ్ళు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ‘రిప్లై 1988’ అనే కొరియా సీరియల్ మొదలుపెట్టింది. సెలవులు అయిపోయి తను వెళ్ళిపోయాక కూడా మానలేదు. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసుకుని, అక్కడ తను, ఇక్కడ నేను ఒకేసారి పెట్టుకుని చూసేవాళ్ళం. కింద వచ్చే ఇంగ్లీషు నాకు అందదు. తనే చెప్పేది. 20 ఎపిసోడ్లు. మూడు వారాల కింద అయిపోయింది. చివరి రోజు ఏడుపు ఆగలేదు. అప్పటినుంచి ఏదో పోగొట్టుకున్నట్టుంది. మిషన్ మీద కూర్చున్నా ఆ వీధి, ఆ పిల్లలే గుర్తొస్తున్నారు. మా వీధి కూడా ఒకప్పుడు అట్లే ఉండేది. మా ఆయన ‘వాళ్ళేమన్నా మన చుట్టాలా, ఏందీ పిచ్చి’ అంటున్నారు. తిండి, నిద్ర బాగానే ఉన్నాయి, పని ఆగలేదు. ఇది జబ్బా? మళ్ళీ మొదటినుంచి చూస్తే తగ్గుతుందా? ఇంకో సీరియల్ పెట్టుకోవాలా?
– పేరు వద్దు, బుధవారపేట, కర్నూలు

జవాబు:

జబ్బు కాదమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతారు. తింటున్నారు, నిద్రపోతున్నారు, జాకెట్లు టైముకు ఇస్తున్నారు. దిగులుగా ఉంది, అంతే. ఇదే దిగులు వారాలు, నెలలు వదలకుండా ఉండి, అన్నం సహించక, నిద్ర పట్టక, చేతిలో పని ముందుకు సాగకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఉత్తరంలో నాకు ఆ అవసరం కనపడలేదు. ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని ఆ నంబరు రాశాను.

ఇక మీ ఆయన మాట. వాళ్ళు చుట్టాలు కాదు, నిజమే. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో మనవాళ్ళు వరల్డ్ కప్ ఫైనల్ ఓడిపోయిన రాత్రి మీ ఇంట్లో ఎవరు అన్నం తినకుండా పడుకున్నారో ఆయన్నే అడగండి. మా ఇంట్లో అయితే చేసిన కూర చేసినట్టే ఉండిపోయింది. ఆ పదకొండు మంది మాత్రం ఏ వరస చుట్టాలు? తెర మీద రోజూ చూసే మనుషుల మీద చూసేవాళ్ళకు ఒకవైపు నుంచే స్నేహం పెరుగుతుందని 1956లోనే డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు రాశారు. టీవీ అప్పటికి ఇంకా కొత్త. కాబట్టి ఈ పిచ్చి మీతో మొదలు కాలేదు, మన కాలంతోనూ మొదలు కాలేదు.

మన దేశంలో అయితే ఒక సీరియల్ అయిపోతోందని మనుషులు సమ్మె చేశారు. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చిన రామాయణం 78 ఎపిసోడ్లతో 1988 జూలై 31న ముగిసింది. పట్టాభిషేకంతో ఆపేస్తారు, లవకుశుల కథ ఉండదు అని తెలిసి జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు చీపుర్లు కింద పెట్టేశారు. ఇంకొన్ని ఊళ్ళకు కూడా ఆ సమ్మె పాకింది. చివరికి ఉత్తర రామాయణం కూడా తీయాల్సొచ్చింది. కథ తెలియక కాదు కదా వాళ్ళు అడిగింది. సీత భూమిలో కలిసిపోతుందని తెలియనివాళ్ళు ఎవరు?

ఆ జూలై నాకు బాగా గుర్తు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, కర్నూలు పాత ఊళ్ళో ఉండేవాళ్ళం. మా వీధి మొత్తానికి టీవీ ఒక్క ఇంట్లోనే, బ్యాంకులో పనిచేసే ఆయన ఇంట్లో. ఆదివారం పొద్దున వాళ్ళ హాల్లో చాపలు పరిచేవాళ్ళు. మా జేజి తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. వచ్చేది హిందీ. మాలో ఎవరికీ హిందీ రాదు. పక్కింటి ఖాలాకు ఉర్దూ వచ్చు కాబట్టి ఆమె తెలుగులో చెప్పేది. తమాషా ఏమిటంటే, ఆ రామాయణంలో మాట్లాడేది సంస్కృతం దట్టించిన హిందీ. అది ఖాలాకు కూడా సగమే అందేది. భాష సగం తెలిసిన ఖాలా ‘ఇప్పుడాయన ఏందో మాట ఇచ్చినా అంటుండాడు’ అంటే, కథంతా తెలిసిన మా జేజి ‘దశరథుడు కైకకు ఇచ్చిన వరాలే ఖాసీమ్మా’ అని పూర్తి చేసేది. ఇద్దరూ కలిస్తే ఒక రామాయణం. ఇప్పటికీ కైక మాటలు నాకు ఖాలా గొంతులోనే వినిపిస్తాయి.

అది అయిపోయిన తర్వాతి ఆదివారం కూడా మా జేజి తలకు పోసుకుంది. తొమ్మిదిన్నరకు వాళ్ళింటికి వెళ్ళింది. ‘రామాయణం అయిపోయింది కదా జేజీ’ అని నేను వెనకే పరిగెత్తితే, ‘నాకు తెలీదా’ అంది. ఖాలా కూడా వచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వక్కాకు వేసుకుంటూ పదకొండు దాకా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు గుర్తు లేదు, రాముడి గురించి మాత్రం కాదు.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు సీరియల్ కనపడింది. రెండోసారి ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘కింద వచ్చే ఇంగ్లీషు నాకు అందదు. తనే చెప్పేది.’ మీరు ఆ మాట ఏదో వివరం చెబుతున్నట్టు రాసి దాటేశారు. నాకు మాత్రం ఉత్తరమంతా అందులోనే ఉన్నట్టు తోచింది.

లెక్క వేసి చూడండి. ఆ సీరియల్లో ఒక్కో ఎపిసోడ్ గంటన్నర దాకా ఉంటుంది. ‘ఆగు మా, మళ్ళీ పెట్టు’, ‘ఆమె ఎవరే?’, ‘వాళ్ళక్క, నల్ల కళ్ళద్దాల పిల్ల’ అనే మాటలు కలిపితే రెండు గంటలు దాటుతుంది. వారానికి రెండు గంటల చొప్పున దగ్గర దగ్గర ఐదు నెలలు మీ అమ్మాయి గొంతు మీ చెవిలో ఉంది. ఆ కథలో నడిపి పిల్ల దొక్‌సన్ మీతో కొరియా భాషలో మాట్లాడలేదు, మీ బిడ్డ గొంతుతో మాట్లాడింది. వాళ్ళమ్మ పొద్దున్నే పిల్లల్ని లేపడానికి వేసే కేకలు మీకు ఏ యాసలో గుర్తున్నాయి? కర్నూలు యాసలోనే అయ్యుండాలి. ఆ పిల్లలు, ఆ తల్లులు, పందెంలా తినే ఆ తిండ్లు, అన్నీ మీ అమ్మాయి నోట్లోంచి వచ్చినవే. బెంగళూరు వెళ్ళిన బిడ్డలు అమ్మతో ఫోన్లో ఎంతసేపు మాట్లాడతారు? ‘తిన్నావా’, ‘తిన్నా’, ‘ఏం కూర’, ‘హాస్టల్లో ఏముంటాది మా, అదే’. మూడు నిమిషాలు. ఇంకో నిమిషం పెళ్ళి సంబంధం మాట ఎత్తితే ఫోనే పెట్టేస్తారు. మీకు ఐదు నెలల పాటు రెండేసి గంటలు దొరికాయి. అందులో సంబంధాల గొడవ లేదు, జీతం లెక్కల్లేవు. ఎదురుగా ఇంకెవరిదో సంసారం ఉంటే, దాన్ని అడ్డం పెట్టుకుని మన సంసారం గురించి కూడా రెండు మాటలు అనుకోవచ్చు. ‘చూడు మా, వాళ్ళ నాయన కూడా మన నాయన మాదిరే’ అని ఆ పిల్ల ఎప్పుడో ఒకసారి అనే ఉంటుంది.

ఈ మూడు ఆదివారాలు ఎనిమిదిన్నరకు ఏం చేశారో మీరు రాయలేదు. నేను ఊహించగలను. అమ్మాయికి ఏదో పని, మీకు ఏదో పని. ఎవరూ కావాలని మానలేదు. ఫోన్ చేయడానికి కారణం అయిపోయింది, అంతే.

ఆ సీరియల్ ఎంచుకోవడంలోనూ ఒక చిక్కుంది. (చూడనివాళ్ళు, చూద్దామనుకుంటున్నవాళ్ళు ఈ ఒక్క పేరా వదిలేసి కిందికి వెళ్ళండి, తర్వాత నన్ను తిట్టొద్దు.) అది సియోల్ నగరంలో సాంగ్‌మున్‌దాంగ్ అనే పేటలో ఒక సందు కథ. ఐదు కుటుంబాలు. రాత్రి అన్నాల వేళకు ఒకరింటి కూర ఇంకొకరింటికి గిన్నెల్లో తిరుగుతూ ఉంటుంది, పిల్లలు ఆ గిన్నెలు మోసి మోసి విసుక్కుంటారు. గిన్నె ఖాళీగా తిరిగిపోదు. ఇది కొరియా ఆచారమో కర్నూలు ఆచారమో నాకు అర్థం కాలేదు. దొక్‌సన్ వాళ్ళ నాయన ఎవరి అప్పుకో హామీ ఉండి, ఇరుక్కుని, సగం నేలలోపల ఉండే ఇంట్లో అద్దెకుంటాడు. హామీ సంతకం పెట్టి మునిగిన మగవాళ్ళు లేని వీధి మన వైపు ఉందా? ఒలింపిక్స్‌లో మడగాస్కర్ బోర్డు పట్టుకుని నడవాలని ఆ పిల్ల నెలల తరబడి ఎండలో నేర్చుకుంటే, చివరికి ఆ దేశం ఆటలకే రాదు. ఇట్లాంటివన్నీ చూపించి, నవ్వించి, మనల్ని ఆ సందులో మనిషిని చేసి, చివరి ఎపిసోడ్‌లో ఒక్కో ఇల్లే ఖాళీ చేయిస్తారు. సందు కూల్చివేతకు సిద్ధమవుతుంది. సీరియల్ అయిపోవడం ఒక బాధ, అందులోని వీధి కూడా అయిపోవడం ఇంకో బాధ. మీరు ఏడవకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

‘మా వీధి కూడా ఒకప్పుడు అట్లే ఉండేది’ అని రాశారు. మా వీధీ అట్లే ఉండేది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చిన 2009 అక్టోబరు 2తో మాది మారిపోయింది. నీళ్ళు తీశాక బురద ఎత్తి పోసుకున్నారు, సున్నం వేయించుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళలో ఒకరి వెనక ఒకరు కొత్త కాలనీలకు వెళ్ళిపోయారు. ఖాలా వాళ్ళు కూడా. అప్పుడు ఎవరమూ ఏడవలేదు. సామాన్లు సర్దడం, అద్దెలు వెతకడం, స్కూళ్ళు మార్చడం, అదే సరిపోయింది. మీ వీధి ఎట్లా మారిందో మీకే తెలియాలి. కానీ కొన్ని ఏడుపులు అప్పుడు ఏడవడానికి తీరిక లేక, పదిహేనేళ్ళ తర్వాత ఏదో కొరియా సందు చూసినప్పుడు వస్తాయి. వస్తే రానివ్వండి.

మన తెలుగు సీరియళ్ళకు అలవాటు పడ్డ ప్రాణానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మొగలిరేకులు 2008 నుంచి 2013 దాకా వచ్చింది. కార్తీకదీపం 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ఆగింది, 1500 ఎపిసోడ్లు దాటింది. మధ్యలో డాక్టర్ బాబునీ, వంటలక్కనీ కథలోంచి తీసేసి, మళ్ళీ తీసుకొచ్చారు. అయిపోయాక కూడా 2024లో అదే పేరుతో ఇంకోటి మొదలైంది. మన సీరియల్ అయిపోయేసరికి ‘హమ్మయ్య, ఎంత సాగదీశారమ్మా’ అని మనమే తిట్టి ఉంటాం. బాధలో సగం ఆ తిట్లలోనే పోతుంది. మీరు చూసింది 20 ఎపిసోడ్లకే, ఇంకా ఆకలి ఉండగానే విస్తరి ఎత్తేసింది. తిట్టడానికి కూడా వీలివ్వలేదు.

పైగా ఈ ఫోన్లలో, కొత్త టీవీల్లో చూసేదానికి సరైన ముగింపు ఉండదు. ఇంకా పేర్లు పడుతుండగానే పక్కనుంచి ఇంకో బొమ్మ తోసుకొచ్చి ‘ఇది చూడు’ అంటుంది. మన కళ్ళు తుడుచుకునే టైము కూడా ఇవ్వదు. మనవాళ్ళు దేన్నీ అట్లా వదిలేసేవాళ్ళు కాదు. హరిదాసు గారు మంగళం పాడి, హారతి పళ్ళెం తిరిగితే గానీ జనం చాపలు చుట్టేవాళ్ళు కాదు. వినాయకుణ్ణి కేసీ కాలువకు తీసుకెళ్ళే ముందు ఉద్వాసన చెబుతారు చూడండి, విగ్రహాన్ని ఉన్నచోటి నుంచి కొంచెం కదిపి, ‘పునరాగమనాయ చ’ అంటారు. మళ్ళీ రమ్మని చెప్పి పంపడం. ఆ కాస్త కదపడం అయితే గానీ తొమ్మిది రోజుల పూజ ముగిసినట్టు కాదు. మీ సీరియల్‌కు అది జరగలేదు. చివరి రాత్రి ఇద్దరూ ఏడ్చి, ‘సరే మా, పొద్దున్నే ఆఫీసు’ అని పెట్టేసి ఉంటారు.

మళ్ళీ మొదటినుంచి చూడొచ్చా అని అడిగారు. చూడొచ్చు, ఇప్పుడే వద్దు. ఇప్పుడు ఒక్కరే కూర్చుని పెడితే కింద ఇంగ్లీషు పరిగెడుతుంటుంది, చెప్పే గొంతు ఉండదు. దానికంటే చూడకుండా ఉండటమే నయం. వినాయక చవితికో దసరాకో అమ్మాయి ఇంటికి వస్తుంది కదా, అప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మీకు బాగా నచ్చిన ఒక్క ఎపిసోడ్ చూడండి. ఇంకో సీరియల్ సంగతి కూడా అంతే. అదే బృందం తీసిన ‘రిప్లై 1997’, ‘రిప్లై 1994’ ఉన్నాయి, ఎప్పుడైనా చూసుకోవచ్చు. వెంటనే పెట్టుకుంటే ప్రతి సీనులో పాతదాన్ని వెతుక్కుని ‘ఆ రుచి రాలేదు’ అంటారు. కొత్తదానికి అన్యాయం.

ముందు మీ అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి. ‘సీరియల్ అయిపోయిందని కాదే, నువ్వు చెప్పడం అయిపోయిందని దిగులుగా ఉంది’ అనండి. ఈ మాట అనడానికి మన అమ్మలకు నోరు రాదు, నాకు తెలుసు. ‘నీకు పని ఉంటుందిలే’ అంటాం, ‘నాకేం, బాగానే ఉన్నా’ అంటాం. ఉత్తరంలో నాకు రాయగలిగారు, పేరు కూడా లేకుండా. అదే ఉత్తరాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా సరిపోతుంది. ఆ పిల్ల కూడా మూడు ఆదివారాలుగా ఎనిమిదిన్నరకు ఫోన్ చేతిలో పట్టుకుని ఏం చెప్పి చేయాలో తోచక ఊరుకుందేమో!

ఇంకొకటి. మీ వయసు 47 అన్నారు. అంటే 1988లో మీకు పదేళ్ళు అటూ ఇటూ. సియోల్‌లో ఒలింపిక్స్ జరిగింది ఆ సెప్టెంబరులోనే, మన రామాయణం అయిపోయిన నెలన్నరకు. దొక్‌సన్ బోర్డు పట్టుకుని ఎండలో నిలబడినప్పుడు మీరు కర్నూలులో ఏం చేస్తున్నారు? మీ వీధిలో టీవీ ఎవరింట్లో ఉండేది? హిందీ ఎవరు చెప్పేవాళ్ళు? ఉగ్గాని బజ్జీ ఎవరి అంగడిలో, ఎన్ని పైసలకు? ఏ ఇంటి గిన్నె ఏ ఇంటికి వెళ్ళేది, ఏ ఇద్దరి మధ్య మాటల్లేవు, ఎవరి పెద్దకూతురు ఎవరి కొడుకును చూసి నవ్వింది? మీ అమ్మాయికి సాంగ్‌మున్‌దాంగ్‌లో ఐదిళ్ళవాళ్ళూ తెలుసు. మీరు పెరిగిన వీధిలో ఐదిళ్ళవాళ్ళ పేర్లు చెప్పమనండి, చెప్పలేదు. ఆమె తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. ఐదు నెలలు తను చెబితే మీరు విన్నారు. ఇప్పుడు మీరు చెప్పాలి, తను వినాలి. ‘ఆగు మా, ఆమె ఎవరు?’ అని మధ్యలో ఆపే హక్కు ఇప్పుడు తనది.

వారానికి ఒక్కటే చెప్పండి, ఒకేరోజు అంతా చెప్పేయొద్దు. మంచి చోట ఆపండి, అది మీకు ఏ సీరియల్ చూసినా వచ్చేస్తుంది. పాత ఫోటోలుంటే బయటికి తీయండి. మీ ఆయన్ని కూడా పిలవండి. మొదట ‘ఏందీ పిచ్చి’ అనే అంటారు. మీరు కావాలనే ఆయన వీధి గురించి ఒక తప్పు చెప్పండి. ‘అట్లా కాదు, నేను చెప్తా ఉండు’ అని ఫోన్ లాక్కుంటారు.

ఆదివారం సాయంత్రమే ఫోన్ చార్జింగ్ పెట్టుకోండి. ఎనిమిదిన్నరకు ముందే వంట అయిపోనివ్వండి. మొదటి వారానికి ఆ టీవీ ఉన్న ఇల్లు చాలు.